డ్రాప్ ఎక్కడ సార్?

సాయంత్రం ఆరున్నర. అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే కింద, వాన తగలకుండా ఒక పిల్లర్‌ను ఆనుకుని నిలబడి క్యాబ్ బుక్ చేశాను. తెరమీద బుల్లి కారు నాకు రెండు వందల మీటర్ల దూరంలో కనిపించింది. రెండు నిమిషాల్లో వస్తుందని యాప్ చెప్పింది. చెప్పీ చెప్పగానే ఫోన్ మోగింది.

"సార్, డ్రాప్ ఎక్కడ?"

"ఘట్‌కేసర్."

"క్యాషా, ఆన్‌లైనా?"

"ఆన్‌లైన్."

అవతల కాసేపు చప్పుడు లేదు. వైపర్ల శబ్దం మాత్రం వినిపిస్తోంది. "సరే సార్, వస్తున్న. మీరు ఏ పిల్లర్ కాడున్నరు? నంబర్ చెప్పుండ్రి."

హైదరాబాద్‌లో క్యాబో ఆటోనో బుక్ చేసే అలవాటున్నవాళ్లకు ఈ సంభాషణ కంఠతా వచ్చు. చాలామందికి దీనిమీద చిరాకు కూడా. అన్నీ యాప్‌లో ఉన్నాయి కదా, మళ్లీ ఫోన్ చేసి అడగడమేమిటని విసుక్కుంటారు. నేనూ విసుక్కున్నవాణ్నే. వెళ్లాల్సిన చోటు యాప్‌కి ఇచ్చాను, డబ్బు ఎలా కడతానో ఇచ్చాను, నేనున్న చోటు అదే కనిపెట్టింది. అయినా డ్రైవర్ ఆ మూడే అడుగుతున్నాడు. ఆయన అడిగిన ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో కథ ఉంది. చివరి ప్రశ్నతో మొదలుపెడితే దారి సులువు.

మన ఫోన్‌కి తానెక్కడుందో తనంతట తానుగా తెలియదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు 'ఇప్పుడు టైము ఇంత, నేను ఫలానా చోట ఉన్నాను' అని నిరంతరం చాటింపు వేస్తుంటాయి. ఆ కబురు ఫోన్‌ను చేరడానికి పట్టిన సమయాన్ని కాంతి వేగంతో హెచ్చవేస్తే ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో తేలుతుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనమున్న చోటు దొరికిపోవాలి. చిక్కేమిటంటే, ఉపగ్రహంలో ఉన్నది పరమాణు గడియారం, మన జేబులో ఉన్నది చవక గడియారం. సెకనులో పది లక్షలో వంతు తేడా వచ్చినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఆ గడియారాన్ని సరిదిద్దుకోవడానికే నాలుగో ఉపగ్రహం కావాలి. ఆరుబయట, నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేనిచోట మామూలు స్మార్ట్‌ఫోన్ సుమారు ఐదు మీటర్ల తేడాతో మనల్ని పట్టేస్తుంది.

నా నెత్తిన ఉన్నది కాంక్రీటు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున 2009లో తెరిచిన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే అది. దాని కిందికి చేరే సంకేతాల్లో చాలావరకు పక్క భవనాల గోడలకు తగిలి, పక్కదారి పట్టి వస్తాయి. అవి నడిచిన దూరం ఎక్కువ కాబట్టి ఫోన్ నన్ను రోడ్డుకు అవతల నిలబెడుతుంది. ఇక ఎత్తు సంగతి మరీ అధ్వాన్నం. ఉపగ్రహాలన్నీ మన పైనే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు. అందుకని జీపీఎస్ అటూ ఇటూ చూపినంత నమ్మకంగా పైనా కిందా చూపలేదు. ఎక్స్‌ప్రెస్‌వే మీదున్న కారూ దాని కింద నిలబడ్డ నేనూ మ్యాపులో ఒకే చుక్క.

ఆ చుక్కను సరైన రోడ్డు మీద కూర్చోబెట్టడానికి ఇంకో లెక్క ఉంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పాల్ న్యూసన్, జాన్ క్రమ్ 2009లో ప్రచురించిన పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. ఈ క్షణం కనిపించిన ఒక్క చుక్కను అది నమ్మదు. కొద్ది సెకన్లకోసారి వచ్చే చుక్కలన్నిటినీ దండగా గుచ్చి, ఏ రోడ్డు మీద పోతే ఈ దండ కుదురుతుందో చూస్తుంది. అర నిమిషం కిందట పైన పోతున్న కారు ర్యాంపు లేనిచోట కిందికి దూకలేదు గదా! మాటలను గుర్తుపట్టే కంప్యూటర్లు, ఒక శబ్దం తర్వాత ఏ శబ్దం రావచ్చో ఊహించడానికి చాలాకాలం వాడిన గణితమే ఇది. చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. ఆ రోజు మాత్రం చెప్పలేదు.

"నేను మీదున్న సార్. ముందట ర్యాంపు దిగి తిరిగొస్త" అన్నాడు డ్రైవర్. యాప్ చూపిన రెండు వందల మీటర్లు ఆయన చక్రాల కింద నాలుగు కిలోమీటర్లయ్యాయి. నేను తల ఎత్తి స్తంభం మీద పెయింటు వేసిన అంకె చదివి చెప్పాను. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా జనం అడ్రసులన్నీ ఆ అంకెలతోనే చెప్పుకుంటారు. కొట్ల బోర్డుల మీదా, పెళ్లి పత్రికల మీదా అవే. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తునుంచి తేలని సంగతి ఆ అంకె తేల్చేసింది.

ఆయన వచ్చేలోపు, అసలు అంతమంది డ్రైవర్లలో ఆయన్నే నాకు ఎందుకు అంటగట్టారో చూద్దాం.

నగరంలో ఉన్న ప్రతి కారుకీ నాకూ మధ్య దూరం లెక్కకడుతూ కూర్చుంటే ఎంత పెద్ద కంప్యూటరైనా అలిసిపోతుంది. అందుకని ముందు నేలను గడులుగా కోస్తారు. ఉబర్ 2018లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన హెచ్3 అనే పద్ధతిలో ఆ గడులు ఆరు పలకలుగా, తేనెపట్టులా ఉంటాయి. చదరంగపు గళ్లు ఎందుకు పనికిరావు? చదరానికి పక్కనున్న గడులు నాలుగు, మూలనున్నవి నాలుగు. మూలగడి మధ్యబిందువు పక్కగడి కంటే 1.41 రెట్లు దూరం. ఆరు పలకల గడికైతే ఇరుగుపొరుగు ఆరుగురే, ఆరుగురూ సమాన దూరంలోనే ఉంటారు. 'చుట్టుపక్కల ఎవరున్నారు?' అన్న ప్రశ్నకు ఇంతకంటే శుభ్రమైన జవాబిచ్చే ఆకారం దొరకదు.

హెచ్3లో 0 నుంచి 15 దాకా 16 స్థాయిలున్నాయి. తొమ్మిదో స్థాయి గడి విస్తీర్ణం సగటున 0.105 చదరపు కిలోమీటర్లు, మన లెక్కలో సుమారు 26 ఎకరాలు. 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్‌ఎంసీ హద్దులను ఇలాంటి గడులతో కప్పితే దాదాపు ఆరు వేలు పడతాయి. ఇక్కడో తమాషా ఉంది. గుండ్రని భూమిని ఒట్టి ఆరు పలకలతో కప్పడం గణితం ఒప్పుకోదు. ఫుట్‌బాల్ బంతి చూడండి, తెల్ల ముక్కల మధ్య ఐదు పలకల నల్ల ముక్కలు సరిగ్గా పన్నెండు ఉంటాయి. హెచ్3లోనూ ప్రతి స్థాయిలో పన్నెండు ఐదు పలకల గడులు తప్పలేదు. వాటి కేంద్రాలు సముద్రాల్లో పడేలా భూగోళాన్ని తిప్పి పెట్టుకున్నారు. అక్కడ క్యాబ్ అడిగేవాడెవడూ లేడు కదా.

నా గడిలోనూ దాని చుట్టూ ఉన్న గడుల్లోనూ ఉన్న కార్లను ఏరాక, దగ్గరున్న కారునే పంపితే సరిపోతుందని మనకనిపిస్తుంది. సరిపోదు. లెక్క తేలిక కోసం ఇద్దరు ప్రయాణికులు, ఇద్దరు డ్రైవర్లనే తీసుకుందాం. ముందు బుక్ చేసినావిడ మైత్రీవనం దగ్గరుంది. మొదటి కారు ఆమెకు 2 నిమిషాల్లో, రెండో కారు 3 నిమిషాల్లో చేరగలవు. ఆమె తర్వాత నాలుగు సెకన్లకు ఇంకొకాయన ఎస్సార్ నగర్‌లో బుక్ చేశాడు. ఆయన్ను మొదటి కారు 3 నిమిషాల్లో చేరుతుంది, రెండోది మాత్రం యూటర్నులన్నీ తిరిగి రావాలి గనక 12 నిమిషాలు తీసుకుంటుంది. ముందొచ్చినావిడకు దగ్గర కారు ఇచ్చేస్తే ఆమె ఎదురుచూపు 2, ఆయనది 12, మొత్తం 14 నిమిషాలు. కాసేపు ఓపికపట్టి ఇద్దర్నీ కలిపి చూసి కార్లు తారుమారు చేస్తే 3, 3, మొత్తం 6. ఆమెకు పోయింది ఒక్క నిమిషం. ఆయనకు మిగిలింది తొమ్మిది.

బుక్ బటన్ నొక్కాక 'వెతుకుతున్నాం' అంటూ తెరమీద చక్రం తిరిగే ఆ కొద్ది సెకన్లలో జరుగుతున్నది ఇదే. నా బుకింగుతో పాటు ఆ చుట్టుపక్కల పడిన మరికొన్ని బుకింగులను పోగేసి, అందరికీ కలిపి జతలు కుదురుస్తారు. కళ్లెదురుగా కనిపిస్తున్న కారు మనకు రాకుండా వేరేవాళ్లకు పోవడం వెనక చాలాసార్లు ఉన్నది ఈ తారుమారే.

ఇద్దరూ ఇద్దరైతే వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. పదిమందికి పది కార్లను 36,28,800 రకాలుగా జతపరచవచ్చు. ఇరవై మందికి ఇరవై కార్లయితే 24 వేల కోట్ల కోట్ల రకాలు. అన్నీ తిరగేస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. 1955లో హెరాల్డ్ కూన్ అనే అమెరికన్ గణితవేత్త దీనికి అడ్డదారి చూపించాడు. తన పద్ధతికి ఆధారం హంగేరీకి చెందిన కోనిగ్, ఎగెర్వారీల పని గనక దానికి హంగేరియన్ పద్ధతి అని పేరు పెట్టాడు. దాన్ని మెరుగుపరిచిన రూపంలో ఇరవై మంది సమస్య కొన్ని వేల అడుగుల్లో తెమిలిపోతుంది. తర్వాత తెలిసిందేమంటే, పంతొమ్మిదో శతాబ్దంలోనే యాకోబీ అనే జర్మన్ గణితవేత్త ఈ లెక్కను చేసి పెట్టాడు. ఆయన పోయాక 1890లో లాటిన్‌లో అచ్చయి, ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. గుర్రబ్బండ్ల కాలంలోనే క్యాబ్ లెక్క తయారుగా ఉందన్నమాట!

ఆ '3 నిమిషాలు', '12 నిమిషాలు' ఎక్కడినుంచి వచ్చాయంటారా? దారి వెతికే విద్యకు మూలపురుషుడు డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా. 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కాఫీ తాగుతూ ఇరవై నిమిషాల్లో ఆ పద్ధతి ఊహించానని ఆయనే చెప్పుకున్నాడు. నేటి యాప్‌లు దాని మునిమనవల్లాంటి పద్ధతులు వాడతాయి. రోడ్డు పొడవును కిలోమీటర్లకు బదులు నిమిషాల్లో కొలుస్తాయి. నిన్నా మొన్నా ఇదే వేళకు ఇదే రోడ్డు మీద బండ్లు ఎంతసేపు తీసుకున్నాయో చూసి దిద్దుకుంటాయి. వానపడ్డ సాయంత్రం ఐటీ ఆఫీసులు వదిలే వేళ మాత్రం ఆ దిద్దుబాటు కూడా చేతులెత్తేస్తుంది.

కారు వచ్చింది. తలుపు తీసి ఓటీపీ చెప్పాను. డ్యాష్‌బోర్డు మీద రెండు ఫోన్లు, రెండింట్లో రెండు యాప్‌లు. ఒకదాంట్లో బుకింగ్ తగలగానే రెండోదాన్ని ఆఫ్ చేస్తాడు. ఖాళీగా ఉన్న సమయం ఎంత తగ్గితే అంత లాభం. ఎక్కాక నేనే అడిగాను, డ్రాప్ ఎందుకడిగారని.

"ఘట్‌కేసర్ పోయినంక అక్కణ్ణుంచి బుకింగ్ దొరకదు సార్. ఈ టైమ్‌ల అసలే దొరకదు. నా ఇల్లు ఫలక్‌నుమ. ఖాళీగా రావాలె."

ఈ వృత్తిలో అసలు శత్రువు ఖాళీ కిలోమీటరే. ప్రయాణికుడు ఎక్కకముందు వచ్చిన దూరం, దించాక తిరిగివెళ్లే దూరం. ఆయన నాకోసం నాలుగు కిలోమీటర్లు వచ్చాడు. ఘట్‌కేసర్ సుమారు 35 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి ఖాళీగా ఇంటికి మరో 30 అనుకుందాం. మొత్తం 69 కిలోమీటర్లకు ఇంధనం కాలుతుంది, 35కే కిరాయి వస్తుంది. అదే ఆయనకు పంజగుట్ట బుకింగ్ తగిలి, అక్కణ్ణుంచి చార్మినార్‌కి ఇంకోటి తగిలితే లెక్కే మారిపోయేది.

యాప్‌లు రాకముందు పరిస్థితి ఇంతకంటే బాగుందని కాదు. అమెరికా నగరాలమీద 2016లో జడ్ క్రేమర్, అలన్ క్రూగర్ చేసిన అధ్యయనం ప్రకారం మామూలు టాక్సీ డ్రైవర్ల కంటే ఉబర్ డ్రైవర్ల బండిలో మనిషి ఉన్న సమయం వాటా 30 శాతం, మనిషితో తిరిగిన దూరం వాటా 50 శాతం ఎక్కువ. రోడ్ల వెంట కళ్లతో వెతుక్కునే పని ఫోన్ చేసిపెడుతోంది కాబట్టి ఆ మేలు జరిగింది. ఖాళీ కిలోమీటర్లు తగ్గాయి గానీ పోలేదు. మిగిలినవి ఎవరు మోయాలన్నదే ఇవాళ్టి తగాదా అంతా.

చాలాకాలం యాప్‌లు డ్రైవర్‌కు డ్రాప్ చూపించేవి కావు. దానికీ ఒక న్యాయం ఉంది. చూపిస్తే అందరూ బంజారాహిల్స్, గచ్చిబౌలి ఏరుకుంటారు, ఘట్‌కేసర్ వాళ్లకు అర్ధరాత్రి బండి దొరకదు. కాబట్టి దాచారు. దాచిన సమాచారం ఊరుకుంటుందా? ఫోన్ కాల్ అయి తిరిగొచ్చింది. డ్రాప్ నచ్చకపోతే "మీరే క్యాన్సిల్ చేయుండ్రి సార్" అనే బతిమాలడం వచ్చింది. అలా ఇరవై నిమిషాలు రోడ్డుమీద నిలబడి ముగ్గురు డ్రైవర్ల చేత 'మీరే క్యాన్సిల్ చేయండి' అనిపించుకున్న రోజులు నాకూ ఉన్నాయి. 2022లో ఉబర్ కొన్ని భారతీయ నగరాల్లో డ్రైవర్లకు డ్రాప్ ముందే చూపించడం మొదలుపెట్టింది. రోజుకు ఒకటి రెండుసార్లు 'ఇంటివైపు బుకింగులే ఇవ్వు' అని అడిగే వీలు కొన్ని యాప్‌లలో ఉంది. అయినా ఫోన్ కాల్ ఆగలేదు. తెరమీది చిన్న అక్షరాలకన్నా మనిషి నోటి మాట మీదే నమ్మకం.

కారు ఎక్కేముందు నేను చూసిన కిరాయి మామూలు రోజుకంటే బాగా ఎక్కువే ఉంది. వాన, సాయంత్రం. సర్జ్ అంటారు దీన్ని. దీన్ని దోపిడీ అనేవాళ్లున్నారు, సరఫరా గిరాకీల సూత్రం అని చేతులు దులుపుకునేవాళ్లున్నారు. రెండూ సగం మాటలే. అసలు కిటుకు ఖాళీ కిలోమీటర్లలోనే ఉంది.

నగరంలో ఒక మూల వంద కార్లున్నాయనుకోండి. ఒక్కో రైడు 20 నిమిషాలు. మామూలు వేళ డ్రైవర్ 5 నిమిషాల్లో పికప్‌కి చేరతాడు. అంటే ఒక్కో రైడుకి 25 నిమిషాలు, గంటకు 2.4 రైడ్లు. వంద కార్లూ కలిసి గంటకు 240 మందిని చేరుస్తాయి. వాన పడింది, అందరూ ఒక్కసారే బుక్ చేశారు. దగ్గరున్న కార్లు అయిపోయాయి. యాప్ దూరంగా ఉన్న కార్లను పంపడం మొదలుపెట్టింది. పికప్‌కే 20 నిమిషాలు. ఇప్పుడు ఒక్కో రైడుకి 40 నిమిషాలు, గంటకు ఒకటిన్నర. అవే వంద కార్లు ఇప్పుడు 150 మందినే చేరుస్తాయి. ఒక్క కారు కూడా ఇంటికి పోలేదు, ఒక్క డ్రైవర్ కూడా కాళ్లు బార్లా చాపి కూర్చోలేదు. అయినా తొంభై రైడ్లు గాలికి పోయాయి. జనం ఎక్కువైన కొద్దీ చేరవేత తగ్గుతుంది, తగ్గిన కొద్దీ ఎదురుచూసేవాళ్లు పెరుగుతారు. కాస్టియో, నెఫ్లే, వైల్ అనే ఆర్థికవేత్తలు 2017లో ఈ సుడిగుండాన్ని లెక్కలతో చూపించారు. ధర పెంచితే కొందరు బుకింగ్ మానుకుంటారు, మిగిలినవారికి దగ్గరి కార్లే దొరుకుతాయి, సుడి ఆగుతుంది.

ధర పెరగకపోతే ఏమవుతుందో న్యూయార్క్‌లో అనుకోకుండా తేలింది. 2014 డిసెంబర్ 31 రాత్రి దాటి కొత్త సంవత్సరం వచ్చిన తొలి గంటల్లో ఉబర్ సర్జ్ వ్యవస్థ 26 నిమిషాల పాటు పాడైపోయింది. ఆ 26 నిమిషాల్లో బుకింగులు వెల్లువెత్తాయి, బండి దొరికినవారి శాతం కుప్పకూలింది, ఎదురుచూపు పెరిగింది. దీనిమీద అధ్యయనం రాసిన ముగ్గురిలో ఇద్దరు ఆ కంపెనీ ఉద్యోగులేనన్న సంగతి కూడా గుర్తుపెట్టుకుని చదవాలి.

బయటివాళ్లు చూసిన చూపు ఇంకోలా ఉంది. 2015లో నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉబర్ యాప్‌కు 43 నకిలీ ప్రయాణికులను తయారుచేసి, శాన్ ఫ్రాన్సిస్కోలోనూ మన్‌హాటన్‌లోనూ వారాల తరబడి తెరమీది ధరలు గమనించారు. సర్జ్ చూసి కొత్త డ్రైవర్లు పరుగెత్తుకుంటూ రావడం కొద్దిగానే కనిపించింది. ప్రయాణికులు వెనక్కి తగ్గడం మాత్రం బాగా కనిపించింది. అంటే సర్జ్ ప్రధానంగా బండ్లను పిలవదు, మనుషుల్ని ఆపుతుంది. ఆగిపోయేది ఎవరు? జేబులో డబ్బు తక్కువున్నవాళ్లు. గణితం ప్రకారం రోడ్డు కుదుటపడింది, వానలో తడుస్తూ బస్టాపుకి నడిచినవాళ్లు ఆ లెక్కలో కనబడరు. అన్నట్టు అదే అధ్యయనంలో మనకు పనికొచ్చే కిటుకూ ఒకటి ఉంది. సర్జ్ ప్రాంతాల వారీగా మారుతుంది గనక, కాస్త నడిచి పక్క ప్రాంతంలో నిలబడితే కొన్నిసార్లు ధర తగ్గింది.

లెక్కకు కళ్లుండవనడానికి సిడ్నీ ఉదాహరణ చాలు. 2014 డిసెంబర్‌లో అక్కడ ఒక కెఫేలో దుండగుడు జనాన్ని బందీలుగా పట్టుకుంటే, భయపడి నగరం మధ్యనుంచి పారిపోయేవాళ్లు ఒక్కసారే క్యాబ్‌లు బుక్ చేశారు. యాప్‌కి అది వానైనా ఒకటే, తుపాకీ అయినా ఒకటే. ధర పెంచేసింది. తర్వాత ఉబర్ క్షమాపణ చెప్పి డబ్బు వాపసు ఇచ్చింది. మన దేశంలో 2020 కేంద్ర మార్గదర్శకాలు సర్జ్‌ను మూల ధరకు ఒకటిన్నర రెట్ల దగ్గర ఆపాయి. 2025 జులైలో వచ్చినవి రెండు రెట్ల దాకా పెంచుకోనిచ్చాయి. రాష్ట్రాలు తమ నిబంధనల్లోకి తీసుకుంటేనే ఇవి రోడ్డుమీదికి వస్తాయి.

ఫోన్‌లో ఛార్జింగ్ తక్కువుంటే ధర ఎక్కువ చూపిస్తారనే మాట మీరూ వినే ఉంటారు. దాని మూలం ఇది. బ్యాటరీ అయిపోవస్తున్నవాళ్లు సర్జ్‌కు తొందరగా ఒప్పుకుంటారని ఉబర్‌లో పనిచేసిన కీత్ చెన్ అనే ఆర్థికవేత్త 2016లో చెప్పాడు. ఆ సమాచారాన్ని ధరలకు వాడటం లేదనీ ఆ నోటితోనే అన్నాడు. మొదటి సగమే ప్రపంచమంతా తిరిగింది. ఐఫోన్‌కో ధర, ఆండ్రాయిడ్‌కో ధర అన్న ఫిర్యాదు మీద 2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఓలా, ఉబర్‌లకు నోటీసులిచ్చింది. అలాంటిదేమీ లేదని రెండూ జవాబిచ్చాయి.

ఇక మిగిలింది రెండో ప్రశ్న. క్యాషా, ఆన్‌లైనా?

దీనికి హైదరాబాద్‌తో సొంత సంబంధం ఉంది. అంతవరకు నగదు ముట్టని ఉబర్, దాన్ని తీసుకోవడం 2015 మేలో ప్రయోగంగా మొదలుపెట్టింది ఈ నగరంలోనే. మన జనం దగ్గర అప్పట్లో కార్డులు తక్కువ కాబట్టి ప్రయాణికుల కోసం తెచ్చిన సౌకర్యమది. అది డ్రైవర్ల బతుకునూ మార్చింది. ఆన్‌లైన్‌లో కడితే డబ్బు ముందు కంపెనీ ఖాతాకు పోయి, కమీషన్ కోసుకుని, తర్వాత డ్రైవర్‌ను చేరుతుంది. నగదైతే ఇప్పుడే చేతిలో పడుతుంది. "రేపు పొద్దుగాల గ్యాస్ కొట్టియ్యాలె సార్. బంకులో ఎల్లుండొచ్చే పైసలు నడవయి" అన్నాడాయన. నేను ఆన్‌లైన్ అన్నప్పుడు ఫోన్‌లో వినిపించని మాట అది.

సొంత బండి నడిపే డ్రైవర్‌కు కిరాయిలో కనీసం 80 శాతం చెందాలని 2020 మార్గదర్శకాలూ చెప్పాయి, 2025వీ చెప్పాయి. ఈలోగా ఆటోల్లో కమీషన్ పద్ధతే కదిలిపోయింది. 2022 నవంబర్‌లో బెంగళూరు ఆటో డ్రైవర్ల సంఘం తోడుగా వచ్చిన నమ్మ యాత్రి, కమీషన్ అసలే తీసుకోకుండా చిన్న చందాతో నడవవచ్చని చూపించింది. 2025 ఫిబ్రవరిలో ఉబర్ కూడా ఆటోలకు చందా పద్ధతికి మారింది. ప్రయాణికుడు డబ్బు నేరుగా డ్రైవర్‌కే ఇస్తాడు, నగదో యూపీఐనో వాళ్లిద్దరి ఇష్టం. ఆటోల వరకు రెండో ప్రశ్నకు కాలం చెల్లినట్టే. నా కారు రైడులో మాత్రం చెల్లలేదు.

రేటింగ్ చుక్కల గురించి చాలా రాయవచ్చు, అంత అవసరం లేదు. ప్రయాణికుడు కోపంలో ఇచ్చే ఒక్క చుక్క డ్రైవర్ ఐడీకే ఎసరు పెట్టవచ్చు, డ్రైవర్ ఇచ్చే చుక్కల వల్ల ప్రయాణికుడికి అంత దెబ్బ తగలదు. ప్రయాణికుడికి కనబడేదీ డ్రైవర్‌కు తగిలేదీ వేరన్నది చుక్కలతో ఆగదు. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ డ్రైవర్లు 'నో ఏసీ' అంటూ నిరసనకు దిగినప్పుడు ప్రయాణికులకు ఏసీ బటన్ మాత్రమే కనిపించింది. డ్రైవర్లు మాట్లాడింది కిలోమీటరుకి వచ్చే రేటు గురించి.

ఖాళీ సమయం సంగతి లండన్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డ్రైవర్ యాప్ ఆన్ చేసి, తన ప్రాంతంలో ఉండి, బుకింగ్ తీసుకోవడానికి సిద్ధంగా ఉంటే అదంతా పని సమయమేనని 2021 ఫిబ్రవరి 19న అది తీర్పు చెప్పింది. ప్రయాణికుడు ఎక్కాకే పని మొదలవుతుందన్న ఉబర్ వాదన నిలవలేదు. మన దగ్గర 2025 మార్గదర్శకాల్లో ఖాళీగా వచ్చే దూరం ప్రస్తావన మాత్రం ఉంది. ఎంత చిన్న రైడైనా కనీసం మూడు కిలోమీటర్ల కిరాయి తీసుకోవచ్చు, డ్రైవర్ ఖాళీగా వచ్చిన దూరమూ ఇంధనమూ అందులోనే సరిపెట్టుకోవాలి. నా రైడు 35 కిలోమీటర్లు కాబట్టి ఆ నిబంధనతో ఆయనకు పైసా రాలేదు. ర్యాంపు దిగి తిరిగొచ్చిన నాలుగు కిలోమీటర్లూ ఆయన జేబులోవే.

ఘట్‌కేసర్ చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఫోన్‌లో కట్టిన డబ్బు ఎలాగూ కంపెనీకి పోయింది, గ్యాస్ కోసం కొంత చేతికిచ్చాను. ఆయన రెండు యాప్‌లూ ఆన్ చేసి, ఫలక్‌నుమా వైపు బుకింగ్ తగులుతుందేమోనని రోడ్డు పక్కన కాసేపు ఆగాడు. నేను గేటు దాటి లోపలికి వెళ్లేదాకా తగల్లేదు.

ఈసారి మీరు బుక్ చేసినప్పుడు ఫోన్ వస్తే విసుక్కోకండి. డ్రాప్ ముందే చెప్పేయండి. ఎక్స్‌ప్రెస్‌వే కింద ఉంటే, కింద ఉన్నామన్న మాట కూడా చెప్పి, పిల్లర్ నంబర్ చూసి చెప్పండి.